ఎడమ పక్క సీటు

పౌలు ఊరికి పోతున్నాడంటే సంచిలో ఏమేం పెట్టాలో దేవకుమారి చేతులకే తెలుసు. ఒక లుంగీ, ఒక తువ్వాలు, పండ్లపొడి పొట్లం, గడ్డం గీసుకునే సామాను, అన్నిటికంటే పైన మడత నలగకుండా తెల్లచొక్కా. పక్కన గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. సర్దడం అయిపోయాక ఆమె సంచి మూతి ఒకసారి కట్టి, మళ్ళీ విప్పేది. ఏదో మరిచిపోయి కాదు. సంచి మూతి తెరిచి ఉన్నంతసేపూ మనిషి ఇంకా ఇంట్లో ఉన్నట్టే అని ఆమెకొక నమ్మకం. ఆ కాలంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పొద్దున బయటికి పోయిన మగవాళ్ళు సాయంత్రానికి ఇల్లు చేరతారని ఎవరూ గట్టిగా చెప్పగలిగేవాళ్ళు కాదు.

ఆ పొద్దు పౌలు ఆమె వెనక నిలబడి సంచిలోకి తొంగిచూశాడు.

"నీ చీర గూడా ఒకటి పెట్టు" అన్నాడు.

"నా చీర యాల?"

"పులివెందులకు పోయి కారు చూసొస్తాం. నువ్వూ రా."

దేవకుమారి చేతులు ఆగిపోయాయి. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది. పౌలు అన్నేళ్ళూ ఊరివాళ్ళ జీపులూ కార్లూ తోలి బతికినవాడు. మద్రాసు చూశాడు, బళ్ళారి చూశాడు, హైదరాబాదు ఎన్నిసార్లు పోయివచ్చాడో. వచ్చినప్పుడల్లా ఆమె అన్నం పెడుతూ అడిగేది, అక్కడ ఏముంది మామా, ఎట్లుంది మామా అని. "ఏముంటాది, రోడ్డుంటాది" అనేవాడు. ఆమె జమ్మలమడుగు మిషన్ బడిలో సోషల్ పాఠాలు చెప్పే టీచరు. గోడకు తగిలించిన దేశపటం మీద బెత్తం పెట్టి పిల్లలకు నదులన్నీ చూపించగలదు. ఆమె కళ్ళతో చూసింది మాత్రం పెన్నా నది ఒక్కటే, అదీ ఇసుకే ఎక్కువ. ట్రైనింగుకు నంద్యాల పోయింది, కూతుర్ని హాస్టల్లో వదిలేదానికి కడప పోయింది. అంతకుమించి ఆమెకు దారి తెలియదు.

ఎందుకు రమ్మంటున్నాడు అనేది ఆమెకు వెంటనే పుట్టిన ప్రశ్న. దానికి ఒక జవాబు ఆమె దగ్గరే ఉంది. కారు కొనాలంటే డబ్బు టీచర్ల సొసైటీలో లోనుగా రావాలి. లోను రావాలంటే ఆమె సంతకం కావాలి. కానీ ఆ జవాబు ఆమెకే సరిపోలేదు. సంతకం జమ్మలమడుగులోనే పెట్టొచ్చు కదా, దానికి పులివెందుల దాకా మనిషిని తీసుకుపోవడం దేనికి? అదే మాట అడిగింది.

"కొనేముందు నువ్వు గూడా కూచ్చోని చూడాల గదా" అన్నాడు పౌలు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండా.

గుమ్మం దగ్గర కూర్చున్న అత్త సుందరమ్మ ఆ మాట విన్నది. వయసులో ఉన్నప్పుడు సుందరమ్మ మిషన్ తరపున ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పోయి గడపకు ఈ పక్కే ఉండిపోయింది. "మొగుడు రమ్మంటే పోవల్ల గానీ ఎందుకు ఏందని అడుగుతారా? ప్రశ్నలు బడిలో అడుగు" అన్నది. ఈ మాట దేవకుమారి ఎన్నోసార్లు విన్నదే. అయినా ఆ పొద్దు ఆమెకు కోపం రాలేదు. నీలం అంచు చీర తీసి తెల్లచొక్కా పక్కన పెట్టుకుంది.

బస్టాండులో ఇంకొక వింత జరిగింది. పౌలు పూల బుట్ట దగ్గర ఆగి రెండు మూరల మల్లెపూలు కొలిపించి, ఆకులో చుట్టిన పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"పెట్టుకో."

వాళ్ళ ఇంట్లో పూలు పెట్టుకోరు. బొట్టు కూడా పెట్టుకోరు. పెళ్ళయిన కొత్తలో పక్కింటామె మాబున్ని ముచ్చటపడి మూరెడు కనకాంబరాలు ఇస్తే దేవకుమారి జడలో తురుముకుంది. సుందరమ్మ ఏమీ అరవలేదు. "మనవాళ్ళకు పూలు సమాధుల మీదికమ్మా" అని మెల్లగా చెప్పింది. పౌలు ఆ రాత్రి మొహం తిప్పుకుని పడుకున్నాడు. అప్పటి నుంచి ఆమె పూల బుట్ట వైపు చూడటం కూడా మానుకుంది. అట్లాంటి మనిషి ఇప్పుడు తానే కొని తెచ్చాడు. ముద్దనూరులో బస్సు మారేదాకా పొట్లం ఒళ్ళో పెట్టుకుని, దాని వాసన పీలుస్తూ ఆమె ఆలోచించింది. నలభై దాటిన మగవాడికి కొత్తగా ప్రేమ పుట్టడం ఉంటుందా? ఉంటే ఉండొచ్చు. ఆమె చదివిన నవలల్లో ఇంతకంటే విచిత్రాలు జరిగాయి. ముద్దనూరు బస్టాండులో ఒక గోడ పక్కకు పోయి పూలు జడలో పెట్టుకుంది. పౌలు చూసి, "కొంచెం పైకి పెట్టు, కనపడేటట్ల" అన్నాడు. ఆమె సిగ్గుపడి పైకి జరుపుకుంది.

కారు నారాయణది. పులివెందుల దాటి కొంచెం దూరంలో ఆయన ఊరు. తాతల నాటి భూములు, ఊళ్ళో సగం ఆయన పార్టీ, మిగతా సగం ఎదుటి పార్టీ. ఎన్నికలు వస్తున్నాయంటే రెండు పక్కలా ఇళ్ళ మిద్దెల మీద రాళ్ళకుప్పలు పెరిగేవి. నారాయణ కొత్తగా టాటా సుమో కొన్నాడు. పాత అంబాసిడర్ అమ్మేస్తానని, అందరికంటే తక్కువకు నీకిస్తానని పౌలుకు కబురు పంపాడు.

ప్రొద్దుటూరు నుంచి పౌలు స్నేహితుడు ఖాదర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. మెకానిక్కు. బానెట్టు ఎత్తి తల లోపల పెట్టి, ఇంజను స్టార్టు చేయించి, పొగ రంగు చూసి, కింద దూరి, మొహానికి మసి పూసుకుని బయటికి వచ్చాడు. ఇంజను ఒకసారి బోరు చేయించినట్టుంది, ఇంకొన్నాళ్ళు లాగుతుంది అన్నాడు. తలుపులు సరిగా పడవు, అది పెద్ద సంగతి కాదన్నాడు. పౌలు మీటరు ఎంత చూపిస్తోందని అడిగాడు.

"దాన్ని చూసి ఏం జేస్తావప్పా? దానికి ఐదే అంకెలు. తొమ్మిదులన్నీ నిండితే మళ్ళ సున్నాలకొస్తాది. ఇది ఎన్నిసార్లు తిరిగొచ్చిందో దేవునికి తెలియాల. తక్కువంటే రెండు లచ్చలు దాటింటాది."

రెండు లక్షల కిలోమీటర్లు అనే మాట దేవకుమారి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. రెండు లక్షలంటే భూగోళం చుట్టూ ఐదు చుట్లు. ఇంతా చేసి ఈ కారు ఉండేది ఈ ఊళ్ళో. పులివెందుల ఒక పక్క, ముద్దనూరు ఒక పక్క, కడప ఇంకొంచెం దూరం. మరి అంత దూరం ఎక్కడికి పోయింది? ఏమేం చూసింది? మగవాళ్ళు ముగ్గురూ ఇంజను చుట్టూ చేరి మాట్లాడుకుంటుంటే ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగింది, సంతలో ఆవును చూసినట్టు.

తోలి చూద్దామని పౌలు స్టీరింగు పట్టుకున్నాడు. ఖాదర్ ముందర ఎక్కాడు. దేవకుమారి వెనక కుడి పక్క తలుపు తీయబోతే నారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు. "టీచరమ్మా, ఆ పక్క గాదు, ఎడమ పక్క కూచ్చో. పౌలూ, అద్దం దించప్పా. మంచిగా గాలి తగుల్తాది" అన్నాడు. ఎంత మర్యాదగల మనిషి అనుకుంది ఆమె.

కూర్చోగానే ఆమెకు ఒక సంగతి తెలిసింది. వెనక సీటంతా చదునుగా, కొత్తదానిలాగా ఉంది. తాను కూర్చున్న ఎడమ పక్క మాత్రం లోపలికి దిగిపోయి, ఒక మనిషి అచ్చుపడినట్టు గుంత ఉంది. ఆ గుంత ఆమెకు సరిపోయింది. అద్దం దించే పిడి అరిగి తళతళలాడుతోంది. తలుపు లోపలి రెక్సిను మీద, చెయ్యి ఆనే చోటుకు కొంచెం కింద, స్టిక్కరు బొట్లు అంటించి ఉన్నాయి. ఎర్రవి, మెరూన్‌వి, చిన్నవి, పెద్దవి, వరుసలు వరుసలుగా. కొన్ని ఎండకు వెలిసిపోయి గులాబీ రంగుకు వచ్చాయి. ఆమె లెక్కపెట్టబోయి మానేసింది. ఎవరో ఒక ఆడమనిషి ఇక్కడ కూర్చుని రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఎవరామె? బళ్ళారి, మద్రాసు, అన్నీ చూసి ఉంటుందా? దేవకుమారికి ఆ కనపడని మనిషి మీద అసూయ కలిగింది.

ఊరు దాటే చోట కల్వర్టు మీద ముగ్గురు కూర్చుని బీడీలు తాగుతున్నారు. కారు చప్పుడుకు ఒకడు చటుక్కున లేచాడు. వాడి చెయ్యి తువ్వాలు కిందికి, నడుం దగ్గరికి పోయింది. వాడు కారును చూశాడు, తర్వాత కిటికీలో దేవకుమారిని, ఆమె జడలో పూలను చూశాడు. మెల్లగా కూర్చున్నాడు. మొహం పొలాల వైపు తిప్పుకున్నాడు. నమస్కారం పెట్టబోయి సిగ్గుపడ్డాడేమో అనుకుంది దేవకుమారి. పౌలు మెడ వెనక చెమట కాలువ కట్టి ఉండటం ఆమె అప్పుడే గమనించింది. అద్దాలన్నీ దించి ఉన్నాయి, గాలి బాగానే వస్తోంది.

తిరిగి వచ్చాక మగవాళ్ళు బేరంలో పడ్డారు. దేవకుమారి నీళ్ళు తాగుదామని ఇంటి వెనక్కు పోయింది. వంటింటి వసారాలో నారాయణ భార్య రమణమ్మ ఒక కాలు బారచాపుకుని చెనిక్కాయలు వలుస్తోంది. చెంబుతో మజ్జిగ ఇచ్చి, కూర్చోమని పీట జరిపింది. కొంచెంసేపు దేవకుమారి మొహంలోకి, మెడలోకి, జడలోకి మార్చి మార్చి చూసింది.

"మీరు కిరస్తానోళ్ళు గదా?"

"అవునక్కా."

"బొట్టు పెట్టుకోల్యా. పూలు మాత్రం పెట్టుకుంటివే."

"మా ఆయన కొనిచ్చినాడక్కా."

రమణమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. తనలాంటి మనిషి ఇంకొకరు కనపడితే వచ్చే నవ్వు.

"నీకూ పెట్టించినాడా? ఎడమ పక్క కూచ్చోబెట్టినారా? అద్దం దించినారా?"

దేవకుమారి అన్నిటికీ తల ఊపింది.

"నీకు చెప్పల్యా ఎవురూ. దూరానికి మొగం కనపడదు, చీరనేది తెలీదు. జడలో తెల్లగా పూలుంటే మాత్రం ఆడమనిషని తెలుస్తాది. రోడ్డు పక్కన నిలబడినోనికి ఎడమ పక్కే గదా అగపడేది. బండిలో ఆడమనిషుంటే ఎయ్యరు. ఇంతవరకూ ఎయ్యల్యా."

"ఏమెయ్యరక్కా?" అంది దేవకుమారి. నాటుబాంబుల సంగతేనని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది, అయినా నోరు అడిగింది.

"ఏమేస్తారు టీచరమ్మా, అచ్చింతలా?"

తర్వాత దేవకుమారికి ఒకదాని వెనక ఒకటి ప్రశ్నలు వచ్చాయి, రమణమ్మ దేనికీ విసుక్కోలేదు. కారు కొన్న మర్నాటి నుంచి ఆ సీటు తనదేనని చెప్పింది. "స్టెప్నీ టైరు డిక్కీలో, నేను ఎనక సీట్లో" అంది. వాయిదాలకు కడప కోర్టుకు, పంచాయితీలకు తాడిపత్రికి, పెద్దమనుషుల్ని కలిసేదానికి అనంతపురానికి, బళ్ళారికి. ఎక్కడికి పోతున్నామో పోయేముందు చెప్పరు. చీర కట్టుకో, పూలు పెట్టుకో అంటారు, అంతే. ముద్దనూరు రైలు గేటు పడినప్పుడు అందరికీ భయం, బండి ముందుకు పోదు వెనక్కు పోదు. అప్పుడు తల బయటికి పెట్టి దోసకాయలు బేరం చేయమంటారు. బేరం చేసి చేసి దోసకాయల ధర తనకంటే బాగా ఎవరికీ తెలియదంది. బయలుదేరే రోజు పొద్దుటి నుంచి నీళ్ళు తాగదు, ఎందుకంటే దారిలో దిగేది ఉండదు. మోకాళ్ళు అట్లా మడిచి కూర్చుని కూర్చుని ఇప్పుడు ఒక కాలు వంగదు. పోయి ఇల్లు చేరినప్పుడల్లా నుదుటి మీది బొట్టు తీసి కారు తలుపుకు అంటించేది. ఎందుకని దేవకుమారి అడిగితే, ఊరికే, ఈసారికి బతికినాములే అని గుర్తుకు, అంది.

"బళ్ళారిలో ఏం చూసినావక్కా?"

"ఒక యాపచెట్టు. దాని కింద బండి పెట్టినారు. శానా మంచి నీడ."

"అనంతపురంలో?"

"ఒక ప్రహరీ గోడ. దానిమింద సినిమా బొమ్మలంటించినారు." రమణమ్మ ఆలోచించి, "కడపలో గూడా గోడే, కాకపోతే అది కోర్టు గోడ" అని సరిచేసింది.

"దిగి చూసొస్తానని ఎప్పుడూ అనల్యా?"

"నేను దిగితే బండిలో ఆడమనిషి ఉండదు గదా." ఆ మాట అన్నాక రమణమ్మ వలిచిన పప్పు చేటలో ఒక పక్కకు నెట్టింది. "అట్ల అనొచ్చని నాకు తట్టనే ల్యా. ఏం చూసినావని అడిగినోళ్ళు గూడా ఎవురూ ల్యారు. నువ్వే."

తిరుగు బస్సులో పౌలు ఇంజను గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. దేవకుమారి పూలు తీసేయలేదు. ఇల్లు చేరేసరికి వడలి గోధుమరంగుకు తిరిగిన మల్లెలు జడలో వేలాడుతున్నాయి. సుందరమ్మ చూసి, "తలలో ఏంది కుమారీ?" అంది. "నీ కొడుకు పెట్టించినాడత్తా" అంది దేవకుమారి. సుందరమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు కాళ్ళు కడుక్కునేదానికి దొడ్లోకి పోయాడు.

ఆ తర్వాతి రోజులు దేవకుమారికి విచిత్రంగా గడిచాయి. కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ దానికంటే ఎక్కువగా ఆమెకు తెలుసుకోవాలని ఉండేది. పౌలు అన్నం తింటుంటే అతని మొహం చూసేది. ఆ పూలు కొనేటప్పుడు ఈ మనిషి లోపల ఏమనుకున్నాడు? ముద్దనూరులో తాను సిగ్గుపడితే చూసి ఏమనుకున్నాడు? అసలు సంగతి ఏమిటంటే, ఆమెకు కారు కావాలనే ఉంది. ఆ మాట తనకు తాను ఒప్పుకునేదానికే నాలుగు రోజులు పట్టింది. కారు ఇంటి ముందర ఉంటే సెలవుల్లో ఎక్కడికైనా పోవచ్చు. కూతురు హాస్టల్ నుంచి వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి సముద్రం చూసి రావచ్చు. సముద్రం గురించి ఆమె ఎంతమంది పిల్లలకు పాఠం చెప్పిందో, దాని చప్పుడు ఎట్లుంటుందో మాత్రం తెలియదు. పొద్దున లేచి నీళ్ళు పట్టి, రొట్టెలు చేసి, అత్తకు వేడినీళ్ళు పెట్టి, బడికి నడిచి, సాయంత్రం తిరిగి వచ్చి పొయ్యి ముట్టిస్తుంటే ఆమెకు కారు మీటరు గుర్తుకొచ్చేది. తొమ్మిదులన్నీ నిండితే మళ్ళీ సున్నాలు. తాను కూడా ఈ పద్దెనిమిదేళ్ళలో పొయ్యికీ బడికీ బావికీ మధ్య ఎంత దూరం తిరిగి ఉంటుందో, ప్రతి తెల్లవారుజామునా సున్నాతోనే మొదలు. "టీచరు పని ఏముంది, కూచ్చునే పనే గదా" అని పౌలు ఒకసారి స్నేహితుల ముందర అన్నాడు. ఇప్పుడు ఇంకొక కూర్చునే పని చూసి పెట్టాడు. ఆ పనికి జీతం లేదు, సెలవు లేదు, నీళ్ళు తాగే వీలు లేదు, పైగా ఆ పని చేసే చోటు ఆమె లోనుతోనే కొనాలి. ఈ ఆలోచన వచ్చిన రోజు ఆమెకు బడిలో పాఠం మధ్యలో నవ్వు వచ్చింది. పిల్లలు ఎందుకు నవ్వుతున్నావు టీచర్ అని అడిగితే ఏమీ లేదంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక పౌలు సంతకం మాట ఎత్తాడు. నారాయణన్న తొందరపెడుతున్నాడన్నాడు. సుందరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దేవకుమారి కంచాలు తీసి పక్కన పెట్టి, అతని ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడే పెడ్తా మామా. కారు కొందాం. పెండ్లిండ్లకు, ఆస్పత్రికి పోయేటోళ్ళకు బాడుగకు తోలు. అన్న పనికి మాత్రం తోలొద్దు."

పౌలు తల గోక్కున్నాడు. అట్లా కుదరదని మెల్లగా చెప్పుకొచ్చాడు. బండి తమ పేరున ఉంటుంది, తిరిగేది మాత్రం ఎక్కువగా అన్న పని మీద. అందుకే అంత తక్కువకు ఇస్తున్నాడు. ఎన్నికలయ్యాక రోడ్డు పనులు ఇప్పిస్తానన్నాడు. సొంత బండి, సొంత పని. ఎంతకాలం ఒకరి బండి తోలుతూ బతకాలి?

"ఆ బండిలో ఎడమ పక్క ఎవురు కూచ్చోవల్ల?"

పౌలు నేల వైపు చూశాడు. ఆమె వదల్లేదు. పూలెందుకు కొన్నావని అడిగింది. కొంచెం పైకి పెట్టుకో అని ఎందుకన్నావని అడిగింది. గొంతు పెంచలేదు, బడిలో పిల్లవాణ్ణి అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది. చివరికి అతను తలెత్తాడు.

"నాకు భయం కుమారీ. ఇరవై ఏండ్లాయ బండి తోలబట్టి, ఎప్పుడూ ఇంత భయం ల్యా. ఆ కల్వర్టు కాడ చూసినావు గదా. నువ్వు ఎనకాల ఉంటే నాకు ధైర్యంగా ఉంటాది."

అంతవరకు ఆమెకు అతని మీద ఉన్న కోపం ఆ మాటతో ఎటో పోయింది. ఈ మాట మొదటే, సంచి సర్దుతున్నప్పుడే చెప్పి ఉంటే ఏం చేసేదో అనుకుంది. ఒక రోజుకు ఒప్పుకునేదేమో. మనిషి భయపడుతున్నాడంటే చూస్తూ ఉండగలిగే మనిషి కాదు ఆమె. కానీ అతను భయం దాచిపెట్టి పూలు ఇచ్చాడు.

"ప్రాణం కాపాడేదే గదా, కూచ్చుంటే ఏమి పోతాది?" అంది సుందరమ్మ గోడ దగ్గర నుంచి. "మొగునికోసం ఆమాత్రం కూచ్చోలేవా? ఆడోళ్ళ మింద చెయ్యెయ్యరు అనే గదా వాడు చెప్పేది."

"అయితే నువ్వు కూచ్చో అత్తా" అంది దేవకుమారి. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. "నువ్వూ ఆడమనిషివే. బడి లేదు, లోను లేదు. కొడుకు పక్కన తిరిగినట్టు ఉంటాది."

సుందరమ్మ కొడుకు వైపు తిరిగింది. ఆమె మొహంలో ఒక్క క్షణం ఆశ కనపడింది. గడప దాటక ఎన్నేళ్ళయిందో ఆమెకు.

"అమ్మ పనికిరాదు" అన్నాడు పౌలు. అని, నాలుక కరుచుకున్నట్టు ఆగి, సర్దబోయాడు. "తెల్లచీర గదా. పూలు పెట్టుకోదు. దూరానికి మగోడు పంచె కట్టుకున్నట్టే ఉంటాది. అన్న గూడా అట్లే అన్నాడు."

సుందరమ్మ తన తెల్లచీర కుచ్చిళ్ళను ఒళ్ళో రెండు చేతులతో సవరించుకుంది. కొడుకును కన్నది, మొగుడు పోయాక ఎండలో ఊరూరూ తిరిగి వాక్యం చెప్పి ఆ కొడుకును పెంచింది, వాడికి డ్రైవింగు నేర్పించమని మిషన్ దొర దగ్గర నిలబడి అడిగింది. ఇప్పుడు అడ్డం పెట్టుకునేదానికి కూడా పనికిరాదని వాడూ, ఎవరో పులివెందుల మనిషీ కలిసి అప్పుడే మాట్లాడుకుని ఉన్నారు. ఆమె కోడలి వైపు తిరిగింది.

"సంతకం పెట్టొద్దు కుమారీ."

దేవకుమారి అత్త నుంచి ఆ మాట ఎదురుచూడలేదు. అయినా ఆమె తన జవాబు తానే చెప్పాలనుకుంది. "నీకు భయమైతే పోవద్దు మామా. నేను అడ్డం కూచ్చుంటే నీ భయం పోదు, నాకొస్తాది. కారు వద్దు. నేను కూచ్చోను" అని చెప్పి, కంచాలు తీసుకుని దొడ్లోకి పోయింది. తోముతూ, సముద్రం చప్పుడు ఇక ఈ జన్మకు వినను అనుకుంది, కొంచెం ఏడ్చింది కూడా. కానీ సంతకం పెట్టలేదు, ఆ రోజూ పెట్టలేదు, తర్వాతా పెట్టలేదు.

పౌలు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. అంబాసిడర్‌ను వేరేవాళ్ళు ఎవరూ కొనలేదు, నారాయణ దాన్ని అట్టిపెట్టుకున్నాడు. ఇచ్చిన మాట కోసమని కొంత, మొండితనం కొంత, పౌలు ఆ బండినే కూలికి తోలేదానికి కుదిరాడు. వెనక సీట్లో ఎప్పటిలాగే రమణమ్మ కూర్చునేది. అతను ఇంటికి వచ్చిన ప్రతిసారీ దేవకుమారి, రమణమ్మక్క బాగుందా, ఏం చూసిందంట అని అడిగేది. మొదట్లో కసురుకునేవాడు. తర్వాత తర్వాత అతనే చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి గోడ మీద కొత్త బొమ్మ ఉందంట, ఈసారి చెట్టు కింద కోతులున్నాయంట అని.

మరుసటి ఏడు ఎన్నికలూ, బ్రహ్మంగారిమఠంలో ఆరాధనా దగ్గర దగ్గరగా వచ్చాయి. నారాయణకు అక్కడ ఎవరినో కలిసే పని పడింది. మఠం బయట జనం పోటెత్తి ఉన్నారు. పౌలు ఒక ప్రహరీ పక్కన కారు ఆపాడు. నారాయణ మనుషులతో ఎటో పోయాడు. కార్లో మిగిలింది ముందర పౌలు, వెనక రమణమ్మ. ఆ రోజు ఏం జరిగిందో పౌలు తర్వాత దేవకుమారికి, సుందరమ్మకు గుమ్మం దగ్గర కూర్చుని చెప్పాడు, మధ్యమధ్యలో నీళ్ళు తాగుతూ.

రమణమ్మ అడిగిందట, మీ ఇంటామె కారు వద్దన్నదంట గదా, ఎందుకని. ఆ సీట్లో కూచ్చోను అనిందమ్మా అని పౌలు చెప్పాడు. "కూచ్చోనంటే ఊరుకున్నారా?" అని అడిగిందట. ఊరుకోక ఏం జేస్తామమ్మా, అన్నాడు ఇతను.

ఆమె అద్దంలోంచి జనాన్ని కొంచెంసేపు చూసింది. తర్వాత తలుపు తానే తీసుకుంది. "లోపల ఏముందో చూసొస్తా" అని దిగింది. దిగేముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టింది. గుడికి పోయే మనిషి చెప్పులు వదిలి పోతుంది కదా, చెప్పులు ఇక్కడే ఉన్నాయంటే వస్తుంది కదా, అందుకని పౌలు ఆపలేదు. నారాయణ తిరిగి వచ్చి ఎక్కడ అంటే ఆ చెప్పులే చూపించాడు. నారాయణ కూడా చెప్పులు చూసి నిమ్మళంగా బీడీ ముట్టించాడు. వాళ్ళు పొద్దుగూకేదాకా ఆ చెప్పుల పక్కనే కూర్చున్నారు. జనం పలచబడ్డాక వెతికారు. మైకులో పిలిపించారు. ఎదుటి పార్టీవాళ్ళను అనుమానించి కబురు పంపితే, మేము ఆడోళ్ళ జోలికి పోమని జవాబు వచ్చింది.

"ఏ పక్కకు పోయింది?" అని అడిగింది దేవకుమారి.

"గుంపులోకి" అన్నాడు పౌలు. "కుంటుకుంటా పోయింది. ఎనక్కి తిరిగి చూడల్యా."

రమణమ్మ తిరిగి రాలేదు. అది తొంభై ఆరో సంవత్సరం, వైశాఖ మాసం, మఠంలో ఆరాధన జరిగిన రోజు.